కుముదదేశపు శాసనం

పూర్వం త్రేతాయుగంలో, కుముదదేశాన్ని ఏలుతున్న రుచిష్మంతుడనే మహారాజు, దానశీలుడని దిక్కులందు పేరుపొందినవాడై, సంతానార్థియై మహాయాగం తలపెట్టి, యజ్ఞశాల నిర్మాణానికి ఇంటికొకరు చొప్పున వచ్చి వెట్టిచేయాలని శాసించాడు. అది విత్తనాలు చల్లే కాలం. రాజాజ్ఞకు వెరచిన ప్రజలు పొలాలు బీళ్లుగా విడిచి రాళ్లు మోశారు. శాల పూర్తయ్యేసరికి పల్లెల్లో గాదెలు ఖాళీ అయ్యాయి.

యాగం ఆరంభమైంది. ఋత్విజులు ఎంత నేయి పోసినా హవిస్సు కాలక అలాగే ఉండిపోయింది.

అప్పుడు బ్రహ్మవాదిని, తపస్విని అయిన సువ్రత, కందళి అనే కాపు స్త్రీని వెంటబెట్టుకుని సభకు వచ్చి, "తల్లీ, నీ కష్టం నీవే చెప్పు" అన్నది.

"మా ఆయన్ని రాళ్లు మొయ్యడానికి తోలుకొచ్చారు దొరా. నేనా, పచ్చి బాలింతను. దుక్కి దున్నే దిక్కులేదు. పెద్దపిల్ల ఆకలని ఏడవడం కూడా మానేసింది. నాకదే భయంగా ఉంది" అన్నది కందళి.

రాజు కన్నీరు పెట్టి, ఆమెకు ధాన్యాన్నీ పాడియావునూ ఇప్పించబోయాడు.

సువ్రత వారించింది. "రాజేంద్రా! మీ దానంతో ఈమె ఒక్కతే గట్టెక్కుతుంది. మీ శాసనంతో మునిగినవారు ప్రతి పల్లెలోనూ ఉన్నారు. అందరినీ నేనిక్కడికి నడిపించుకు రాలేను. శాసనం మార్చండి. విత్తే కాలంలో, కోతల కాలంలో వెట్టి వద్దు. తక్కిన కాలంలో పనికి కూలి ఇవ్వండి. పిల్లలున్న ప్రతి ఇంటికీ నెలనెలా రాజధాన్యం చేరాలి, వారు చేయి చాచనక్కరలేకుండా."

మంత్రి భద్రకుడు, "అమ్మా, ఊరికే పెడితే ప్రజలు సోమరులవుతారు" అన్నాడు.

"ఈమె కూతురికి ఆరేళ్లు. ఏ సోమరితనానికి ఈ శిక్ష, మంత్రివర్యా?"

రాజు యాగానికని నిలవచేసిన ధాన్యరాశుల వైపు చాలాసేపు చూశాడు. అవి పంచితే యాగం ఆగుతుంది. వంశం తనతోనే ముగిసిపోవచ్చు. చివరకు దీక్షాకంకణం విప్పి, "ధాన్యం పల్లెలకు పంపండి. ఈమె చెప్పినట్టే శాసనం రాయండి" అని ఆజ్ఞాపించాడు.

వెంటనే వేదికపై జ్వాల లేచి, సప్తజిహ్వుడైన అగ్నిదేవుడు సాక్షాత్కరించి, "రాజా! ప్రాణుల జఠరంలో వైశ్వానరుడనై ఉన్నదీ నేనే. నీ దేశపు పసివారి కడుపుల్లో ఆకలిగా మండుతూ, ఇక్కడ నేయి ఎట్లా తాగగలను? ఇప్పుడు తృప్తుడనయ్యాను. వరం కోరుకో" అన్నాడు.

"దేవా, నా రాజ్యంలో ఏ బిడ్డా పస్తుండకూడదు."

"అది నా వరంతో అయ్యేది కాదు, నీ శాసనంతో అయ్యేది. వేరే కోరుకో."

"అయితే ఆ శాసనాన్ని తప్పని సంతానాన్ని ప్రసాదించు."

అగ్నిదేవుడు తథాస్తు అని అంతర్ధానమయ్యాడు. మరుసటి ఏడాది పొలాలు సకాలంలో విత్తారు. రాజుకు హవిష్మతి అనే కుమార్తె కలిగింది. యుక్తవయస్సు వచ్చి సింహాసనం ఎక్కిననాడు ఆమె కిరీటాన్ని పక్కన పెట్టించి, ముందుగా ఆ శాసనాన్ని ప్రజలు వినేలా చదివింది. ఆ తరువాత ఏలిన రాజులందరూ అట్లా చదివిన పిమ్మటే కిరీటం ధరించారు.