కుచ్చుల పొర

ఆ పూట భానోజీకి కాలు నేల మీద నిలవడం లేదు. నిలుస్తుందా మరి! అనంతగిరి లోయలో తాను కోసుకొచ్చిన ఫెర్న్ మొక్క లోకానికే కొత్త జాతి అని తేలిపోయింది. అంటే, తనవరకు తేలింది. దానికి గురువుగారు రుక్మాంగదరావు పేరు పెట్టి, సాయంత్రానికల్లా పత్రికకు వ్యాసం పంపేయాలని వాడి ఉబలాటం. ఆయనేమో రిటైరైపోతున్నారు. ఇంతకన్నా గురుదక్షిణ ఏముంటుంది? ఆ సంగతి మాత్రం ఆయనకింకా చెప్పలేదు.

"మాస్టారూ, ఆకు చూస్తే పాత జాతిలాగే ఉందండి. కానీ ఫెర్న్‌కి పువ్వా, కాయా? సిద్ధబీజమే సాక్ష్యమని మీరే కదా చెప్పారు! ఆ జాతి సిద్ధబీజం చుట్టూ కుచ్చుల పొర ఉంటుందని పుస్తకంలో ఉంది. దీనికి లేదు. చిక్కుడు గింజలా నున్నగా ఉంది, చూడండి."

మాస్టారు మైక్రోస్కోప్‌లోకి వంగి చూశారు. నున్నగానే ఉంది.

"స్లైడు ఎలా చేశావురా?"

"పుప్పొడికి చేసినట్టేనండి. యాసిడ్‌లో మరిగించి, కడిగి..."

పుప్పొడి పనిలో చెయ్యి తిరిగినవాడు భానోజీ. మాస్టారి దగ్గరికొచ్చేముందు చేసిందంతా అదే.

"ఇంకో నాలుగు మొక్కలవీ అలాగే చేసి చూశానండి. అన్నీ నున్నగానే ఉన్నాయి!" తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

మాస్టారు అట్టకు అతికించిన ఎండు ఆకు తీసుకుని, అడుగునున్న గోధుమరంగు చుక్కల మీద వేలితో మెల్లగా తట్టారు. గాజుపలక మీద చిటికెడు సిద్ధబీజాల పొడి రాలింది. దాని మీద ఒక నీటిబొట్టు వేశారు. యాసిడ్ సీసా జోలికే పోలేదు. స్టూలు మీంచి లేచి వాణ్ని కూర్చోబెట్టారు.

భానోజీ చూశాడు. ప్రతి గింజ చుట్టూ పల్చగా, ముడతలు ముడతలుగా కుచ్చుల పొర. అచ్చం పుస్తకంలో బొమ్మే.

ఉన్న పొరను చేతులారా యాసిడ్‌లో కరిగించేసి, లేదని రాసుకున్నాడు.

"దీనికి మీ పేరు పెడదామనుకున్నాను మాస్టారూ."

ఆ మాట ఆయన ఊహించలేదు. ఎంతైనా మనిషే కదా, ఉన్నట్టుండి కళ్లు చెమర్చాయి. వాడి భుజమ్మీద చెయ్యి వేశారు.

"నా పేరు నాకుంది లేరా. ముందు దాని పేరు దానికిచ్చెయ్."