కుళ్లాయప్ప వంత

ఓబులేసు కంప్యూటరులో పాట మూడో చరణం దాకా బాగానే వినిపించేది. అక్కడికి రాగానే గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగి, చిటపటమని, మళ్లీ ఎక్కడినుంచో అందుకునేది. ఐదు రకాల శబ్దాలను వేటికవిగా పట్టి ఒక్కసారి కలిపి వినిపించమంటే ఆ పాత పెట్టె వల్ల అయ్యేది కాదు. దాన్ని మఠానికి ఎవరో ఇచ్చేనాటికే అది ఇంకొకరి దగ్గర పదేళ్లు చాకిరీ చేసి అలిసిపోయి ఉంది.

మామూలు పాటలైతే ఓబులేసు అంత తపన పడేవాడు కాదు. చనిపోయిన కుళ్లాయప్ప గొంతు ఆ పెట్టెలో ఉంది.

గుత్తికి దగ్గరలో చిన్న మఠం అది. దానికి గురువు పకీరప్ప సామి. దూదేకుల ఇంట పుట్టి, ముప్పై ఏళ్లు విల్లు పట్టి దూది ఏకి, ఆ నూగునంతా గుండెల్లోకి పీల్చుకున్న మనిషి. తత్వాలు పాడతాడు. ఆయన ఒక పాదం పాడితే, వెనకనుంచి అందుకుని వంత పాడేవాడు తమ్ముడు కుళ్లాయప్ప. ఆ వంతలో అన్న కూడా గొంతు కలిపేవాడు. నలభై ఏళ్లు అలాగే పాడారు. ఒక్క పాటా కాగితం మీద పెట్టలేదు.

పోయినేడు శిష్యుడు ఓబులేసు పట్టుబట్టి నలభై తత్వాలను రికార్డు చేశాడు. అన్నను ఒక గదిలో, తమ్ముణ్ణి ఇంకో గదిలో కూర్చోబెట్టి, ఒకరి గొంతు ఒకరికి వినబడేలా హెడ్‌ఫోన్లు తగిలించాడు. తంబూర, డోలక్కు, తాళాలకు తలా ఒక మైకు పెట్టాడు. ఆ వారమంతా సామికి ఒకటే దగ్గు. ఒళ్లు బాగయినాక తన భాగం మళ్లీ పాడతాలెమ్మన్నాడు. ఆయన బాగుకాకముందే కుళ్లాయప్ప కామెర్లతో పోయాడు.

ఇప్పుడు సామికి మిగిలిన కోరిక ఒక్కటే. తమ్ముడు పోయి ఏడాది నిండేలోగా, వాడి గొంతు చెవిలో పెట్టుకుని తన భాగం పాడాలి. ఇంకొక్కసారి ఇద్దరూ కలిసి పాడినట్టు ఉండాలి. అందుకు ఇరవై రోజులే ఉన్నాయి. సామి గడప దాటి అరుగు మీదికి రావడానికే రెండుసార్లు ఆగుతున్నాడు.

ఓబులేసు నడుం బిగించాడు. ముసలి ఎద్దు మీద ఇంత బరువెందుకని ఆటలూ బొమ్మలూ అన్నీ దించేశాడు. పాట మధ్యలో ఊరి కబుర్లకు పోకుండా ఇంటర్నెట్ తీగ పీకేశాడు. వైరస్ కాపలాదారుకు సెలవిచ్చాడు. మూత విప్పి, ఫ్యాను చుట్టూ పేరుకున్న దుమ్మును పెయింటు బ్రష్షుతో దులిపాడు. చెడిపోయిన ఇంకో కంప్యూటరులోంచి ర్యామ్ ముక్క తెచ్చి దీనికి తగిలించాడు.

ఇక బఫర్ అనేదొకటి ఉంది. వినిపించబోయే శబ్దాన్ని మిషను కొంచెం ముందుగా నింపిపెట్టుకునే సంచీ లాంటిది. సంచీ పెద్దదైతే పాట తెగదు గానీ, పాడేవాడి గొంతు వాడి చెవికే ఆలస్యంగా చేరుతుంది. చిన్నదైతే ఆలస్యం ఉండదు, పాట తెగుతుంది. ఆ రెండింటి మధ్య రెండు రోజులు ఊగి, చివరికి ఒకచోట కుదిర్చాడు.

అయినా డిస్కులో జాగా చాల్లేదు. సామి ఎలాగూ మళ్లీ పాడతాడు కదా అని, దగ్గులతో నిండిన ఆయన పాత గొంతును ముందు చెరిపేశాడు.

అన్న గొంతు తీసేశాక తమ్ముడి గొంతులో ఒక లోపం కనబడింది. తెర మీద గీతలు చూస్తే, ఏ పాదమూ తాళం మీద పడటం లేదు. ఒకచోట గోరంత వెనక, ఒకచోట బెత్తెడు వెనక. ఇదంతా అప్పటి మిషను ఆలస్యమేనని ఓబులేసు తేల్చేశాడు. ఆరు రోజులు కూర్చుని, నలభై పాటల్లోనూ ప్రతి పాదాన్ని కోసి, ముందుకు జరిపి, తాళం మీద కూర్చోబెట్టాడు. దిద్దినవి ఉంచుకుని పాతవి తీసేశాడు. ఇప్పుడు పాట మొదటినుంచి చివరిదాకా ఒక్క చిటపట లేకుండా సాగింది. ఓబులేసుకు ఏనుగెక్కినంత సంబరం.

సామిని కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాడు. తమ్ముడి గొంతు వినబడగానే ముసలాయన కళ్లు మూసుకున్నాడు. తర్వాత మొదటినుంచి వేయమని, గొంతెత్తాడు.

*ఏకిన దూదిరా ఈ తనువు*
*గాలికి ఎగిరితే యాడనో నెలవు*

మొదటి పాదం చివరి అక్షరం ఇంకా నోట్లో ఉండగానే కుళ్లాయప్ప అందుకున్నాడు. సామి తడబడ్డాడు. రెండో పాదం ఎత్తుకోబోతే ఊపిరి చాల్లేదు, దగ్గు తెర వచ్చింది. మళ్లీ పెట్టించుకున్నాడు. మళ్లీ అంతే. నాలుగోసారి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"గొంతు మా వానిదే. పాడేది వాడు కాదప్పా."

ఓబులేసు ఓపికగా వివరించాడు. ఆలస్యం సంగతీ, తాళం సంగతీ, తాను ఆరు రోజులు కూర్చుని దిద్దిన సంగతీ చెప్పాడు. సామి అంతా విన్నాడు.

"పాతది యాడుంది?"

"తీసేసినా సామీ. జాగా చాల్లేదు."

ఆ మాట తన నోటినుంచి వస్తుండగానే ఓబులేసుకు ఎక్కడో కీడు తోచింది. ఏం చేశాడో తెలియదు గానీ, చేయకూడనిది చేశాడని తెలిసింది.

"మళ్లీ ఎనక్కి జరుపుతా సామీ. యాడ ఎంత జరపాల్నో చెప్పండి."

సామి హెడ్‌ఫోన్ల తీగను వేలికి చుట్టుకుని, విప్పాడు.

"వాన్ని అడగాల," అన్నాడు.

తిట్టి ఉంటే ఓబులేసు ఆ పూట అన్నం తినేవాడు.

మర్నాడు పొద్దున్నే సామి తంబూర తెచ్చుకుని చాప మీద కూర్చున్నాడు. తాళాలు వేసే ఆయన్ను పిలిపించాడు. ఓబులేసుకు తన ఎడమపక్క చోటు చూపించాడు. అది కుళ్లాయప్ప కూర్చునే చోటు. ఏడాదిగా ఎవరూ కూర్చోలేదు, చిమ్మేటప్పుడు తప్ప ఎవరూ తొక్కలేదు.

"నేను పాడతా. నువ్వు అందుకో."

ఓబులేసు ఎన్నడూ పాడినవాడు కాదు. పాటలు మాత్రం వచ్చు. సామి మొదటి పాదం పాడాడు. తాళం పడగానే, ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా ఓబులేసు అందుకున్నాడు. రెండో పాదానికి సామి నోరు తెరిచాడు గానీ గొంతు రాలేదు. దగ్గి, దగ్గి, గుండె పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టాడు. ఓబులేసు మళ్లీ తాళాన్నే చూశాడు. మళ్లీ అదే దగ్గు.

మూడోసారి ఓబులేసుకు భయం వేసింది. తాళాలు వేసే చేతిమీద నుంచి చూపు మరల్చి గురువును చూశాడు. పాదం ముగిసింది. తాళం పడింది. చొక్కా కింద ఆ పక్కటెముకలు పైకి లేచాయి. పాత తలుపు సందులోంచి గాలి దూరినట్టు ఈల లాంటి చప్పుడు వినబడింది. ఆ చప్పుడు సన్నగిల్లి, ఎత్తిన భుజాలు కిందికి దిగాయి. అప్పుడు ఓబులేసు అందుకున్నాడు.

సామి రెండో పాదం నిండుగా పాడాడు.

ఇంకో పాదం, ఇంకో ఊపిరి. ఈసారి ఎక్కువసేపు పట్టింది. ఆ పైదానికి తక్కువ. ఒకచోట గోరంత, ఒకచోట బెత్తెడు. ఓబులేసు పాట ఆపేశాడు. మోకాళ్ల మీద తల పెట్టుకుని, నలభై పాటలకూ కలిపి ఏడ్చాడు. సామి ఓదార్చలేదు. తంబూర తీగ మీద చేయి పెట్టి, ఆ ఏడుపు అయ్యేదాకా ఆగాడు.

"రెండో చరణం," అన్నాడు తర్వాత.

ఏడాది నిండిన రోజు మఠంలో ముప్పై మంది దాకా చేరారు. సామి పాడాడు. ఎడమపక్కన ఓబులేసు వంత పాడాడు. మూలన ఉన్న పాత కంప్యూటరు ఎక్కడా తెగకుండా అంతా పట్టుకుంది. అందరూ భోజనాలు చేసి వెళ్లిపోయాక, మధ్యాహ్నం ఎండలో మఠం ఖాళీ అయ్యాక, సామి అది వినాలన్నాడు.

ఓబులేసు హెడ్‌ఫోన్లు తగిలించి పాట పెట్టాడు. తెర మీద తన గొంతు గీత ప్రతి పాదంలోనూ తాళానికి వెనకబడే ఉంది. అలవాటుగా చేయి మౌసు మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

మొదటి పాదం ముగిసింది. తాళం పడింది. హెడ్‌ఫోన్లలో ఎవరి గొంతూ లేదు, ముసలి ఊపిరి ఈల తప్ప. సామి వేలెత్తాడు.

"అద్దో," అన్నాడు. "ఆడ ఉండాడు మా కుళ్లాయి."