తోడుపీట నోము కథ

పూర్వమొక తపోవనమందు సుశ్రవుడను ముని శాంతశీల మహర్షికి మ్రొక్కి, యుద్ధము ముగిసినను యుద్ధము విడువని వారికి, వారి యింటివారికి గతి యేదని అడిగెను. మహర్షి యిట్లు చెప్పెను.

వంశధార ఒడ్డున పారమ్మ అను ఇల్లాలు కలదు. ఆమె మగడు అసిరినాయుడు పదేండ్లు రాజుగారి సేనలో పోరాడి యిల్లు చేరెను. రోకటి చప్పుడుకే ఉలికిపడును. కంటికి కునుకు రాక సారాకు అలవాటుపడెను. దయ్యము పట్టినదని ఊరివారు వేపమండలతో కొట్టించిరి. వారికి తెలిసిన వైద్యము అదొక్కటే. అతడు మరింత తాగెను. ఏ పూట ఏటిలో దూకునోయని పారమ్మ ప్రాణములు గుప్పిట పెట్టుకొని తిరిగెను.

ఒకనాడు, తానును ఒకప్పుడు తాగి మానిన ముసలి సిపాయి రామినాయుడు దాహమడుగ వచ్చి, సంగతి తెలిసికొని, ఆమెకు నోము చెప్పెను. నలుబదియొక్క దినములు దీపాల వేళ నట్టింట రెండు పీటలు వేయవలెను. వెనుక ఎవరును రారన్న ధైర్యమునకు గోడకు ఆనించినది అతనికి, పక్కది ఆమెకు; ఇద్దరును కూర్చుండవలెను. ఎందరిని చంపితివని అడుగరాదు, తిట్టరాదు. తాగి వచ్చినను పీట తీయరాదు. ఆదివారములందు తోటి సిపాయిలతో తానును వచ్చి కూర్చుందుననెను.

పారమ్మ అట్లే చేసెను. అతనికి కునుకు పట్టెను, తాగుడు తగ్గెను. ఇరువదవ నాడు ఆమె ఆడబిడ్డను, అనగా అసిరినాయుని చెల్లెలిని, చూచుటకు పెండ్లివారు వచ్చిరి. మగనిని చూచి వారేమందురోయని పారమ్మ సిగ్గుపడి, పీటలను పశువుల సాలకు మార్చెను. అసిరినాయుడు పేడ పక్కన తన పీటను చూచి వెడలిపోయెను.

పెండ్లివారు లేచిన పిమ్మట వెదుకగా, సారా కొట్టునందును అతడు లేడు. పారమ్మ ఏటి దారి పట్టెను. ఒడ్డున అతని తలపాగా కనబడెను. ఆమె కేక విని రామినాయుడు, తోటి సిపాయిలు పరుగున వచ్చిరి. అసిరినాయుడు మొలలోతు నీటిలో నిలిచి యుండెను. పిలిచిన లోతుకు పోవునేమోయని అందరును ఒడ్డుననే ఆగిరి. పారమ్మ ఇంటికి పరుగెత్తి పీటలు తెచ్చి, ఊరంతయు చూచుచుండగా ఇసుకలో వేసి, ఒకదానిపై కూర్చుండెను.

"తప్పు నాదే మావా. సిగ్గుపడి నిన్ను సాలలో దాసీసినాను. రా, కూకో. నానేటీ అడగను" అనెను.

అతడు ఒక్కొక్క అడుగే వేయుచు నీటినుండి వచ్చి పక్క పీటపై కూర్చుండి, "సలేస్తందే పారా" అనెను. పిదప, యుద్ధమున తన చేతులలో ప్రాణము విడిచిన నేస్తగాని పేరు మొదటిసారి చెప్పి యేడ్చెను. సిపాయిలందరును ఏడ్చిరి.

పారమ్మ మరల మొదటి దినము నుండి నోము పట్టెను. నడుమ రెండు మార్లు అతడు తాగి వచ్చెను, పీట కదలలేదు. నోము తీరిన నాడు సిపాయిలకు చలిమిడి పంచిరి. అతడు సారా విడిచి, పొలము దున్ని, యిల్లు నిలిపెను. ఉలికిపాటు మాత్రము పూర్తిగా పోలేదు. ఉరిమినప్పుడు ఆమె తన పీటను మరికొంచెము దగ్గరకు జరుపుకొనును.

కావున సిపాయిల భార్యలు, తల్లులు, తోబుట్టువులు, ఊరి పెద్దలు ఈ నోము నోచవలెను. నోచినవారి యింట నిదుర, నవ్వు, నిండు గాదె నిలుచును. కథ విన్న తల్లులారా, అక్షతలు తలపై వేసికొనుటకు ముందు, మీ యింట ఎవరి పీటను ఏ మూలకు నెట్టితిరో చూడుడు. దానిని తెచ్చి నట్టింట వేయుడు.