ఫ్రీవీల్‌కి పట్టు ఎక్కడ?

పార్వతీపురం రైల్వేగేటు పక్కన సైకిలు కొట్టు నడిపే దాలినాయుడికి తన చేతి సత్తువ మీద ఉన్న నమ్మకం ఏ పనిముట్టు మీదా ఉండేది కాదు. ఒక సుత్తి, ఒక ఉలి, ఒక పానా. అతని సరంజామా అంతే. ఎంత బిగుసుకున్న నట్టయినా అతని చేతిలో పడితే కిక్కురుమనకుండా ఊడివచ్చేది. అలాంటి చెయ్యి మా ఊళ్లో మరొకరికి లేదు, ఆ మాట ఒప్పుకోవలసిందే.

రోడ్డుకు అవతల గౌరీసు కొట్టు ఉండేది. అతను వయసులో పెద్ద, బక్క మనిషి. కనిపించిన పనిముట్టునల్లా కొని గోడకు వేలాడదీసేవాడు. "గౌరీసన్న సైకిలు కొట్టెట్టినాడో, పెళ్లిళ్లకి సామాన్లు అద్దెకిత్తన్నాడో తెలీకుండా ఉంది" అని దాలినాయుడు వచ్చేపోయేవాళ్లతో అనేవాడు. గౌరీసు విని నవ్వి ఊరుకునేవాడు.

దాలినాయుడి కూతురు కుసుమకు తండ్రి సత్తువంతా కాళ్లలోకి వచ్చింది. ఎత్తు రోడ్డులో కూడా ఆమె సీటు మీంచి లేచేది కాదు. ఆ ఏడు ఊళ్లో గేర్లు లేని సైకిళ్లకు పందెం పెట్టారు. అమ్మాయిల్లో కుసుమే గెలుస్తుందని అందరూ అనుకున్నారు. దాలినాయుడైతే గెలిచేసినట్టే మాట్లాడేవాడు.

పందెం రోజు పొద్దున్నే కుసుమ పెడలు తొక్కితే చక్రం కదల్లేదు. వెనక చక్రం మధ్యలో గొలుసు పట్టే పళ్లచక్రం, అంటే ఫ్రీవీల్, లోపల అరిగిపోయి జారిపోతోంది. కొత్త ఫ్రీవీల్ కొట్లో ఉంది. చక్రమే మార్చేద్దామంటే ఆ కొలతది దొరకలేదు. కాబట్టి పాతది ఊడదీసి తీరాలి.

"నువ్వు టిఫిన్ తినేలోగా ఊడబీకేత్తాను" అన్నాడు దాలినాయుడు.

అతను ఫ్రీవీల్ పళ్లను గట్టిగా పట్టుకుని ఎడమకు తిప్పాడు. అది కిరకిరమంటూ ఊరికే తిరిగింది. ఊడాలంటే ఎడమకే తిప్పాలి. కానీ పళ్లు పట్టుకుని ఎడమకు తిప్పితే ఊరికే తిరగడమే దాని స్వభావం. దాలినాయుడికి ఒళ్లు మండింది. మధ్యలో ఉన్న కడియానికి నాలుగు గంట్లు కనిపించాయి. ఒక గంటులో ఉలి పెట్టి సుత్తితో ఒక్కటిచ్చాడు. ఫ్రీవీల్ కదల్లేదు. గంటు అంచు విరిగి ముక్క ఎగిరిపడింది.

కుసుమ ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. "నాన్నా, ఇంకో దెబ్బ కొడితే నాను పందెం సూడ్డానికే ఎల్లాల" అంది.

దాలినాయుడు సుత్తి కింద పెట్టాడు. చక్రాన్ని భుజాన వేసుకుని రోడ్డు దాటాడు. ఆ కాస్త రోడ్డు దాటడానికి పడ్డంత కష్టం అతను ఏ నట్టు దగ్గరా పడలేదు.

"గౌరీసన్నా, నా సత్తువ సాల్లేదు" అన్నాడు.

"సత్తువకేటి లోటు తమ్ముడూ? పట్టు దొరకనేదంతే" అన్నాడు గౌరీసు.

అతను గోడ మీంచి నాలుగు పళ్ల పనిముట్టు తీసి కడియంలో పెట్టాడు. విరిగిన చోట అంచు లేచి ఉండడంతో అది కూర్చోలేదు. రెండు పళ్లది ఒకటి పెట్టాడు, వదులుగా ఆడింది. ఇంకో రెండు పళ్లది పెట్టాడు. అది బాగున్న గంట్లలో కదలకుండా కూర్చుంది. జారిపోకుండా దాని మీద ఇరుసు నట్టు బిగించాడు. పనిముట్టు తలను బల్లకు బిగించిన వైసు దవడల మధ్య ఇరికించి, "ఇప్పుడు చక్రాన్నే తిప్పు. ఇది నా వల్ల కాదు, నీ సెయ్యే గావాల" అన్నాడు.

దాలినాయుడు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఎడమకు తిప్పాడు. అది మొరాయించింది. కుసుమ తొక్కిన ప్రతి తొక్కుడికీ ఆ ఫ్రీవీల్ మరింత బిగుసుకుని ఉంది. కూతురి కాళ్లలో ఎంత బలముందో అతని చేతులకు ఆ రోజు తెలిసింది. గర్వంతో అతని ఛాతీ పొంగింది. ఊపిరి బిగబట్టి మళ్లీ తిప్పాడు. ఠక్కున చక్రం కదిలింది. గౌరీసు నట్టు వదులు చేశాడు. ఆ తరవాత ఫ్రీవీల్ సులువుగా ఊడివచ్చింది, దాని చోట కొత్తది బిగించారు.

ఆ మధ్యాహ్నం కుసుమ అందరికంటే ముందు వచ్చింది. "నాయుడి సెయ్యి పడిన సైకిలు మరి" అన్నారు జనం.

"సెయ్యి నాదే గానీ పట్టు మా గౌరీసన్నది" అని దాలినాయుడు నలుగురూ వినేలా చెప్పాడు. కూతురు గెలిచినందుకు ఎంత తల ఎత్తుకున్నాడో, ఆ మాట చెప్పేటప్పుడూ అంతే ఎత్తుకున్నాడు.

మర్నాడు అతని కొట్టు గోడకు మేకులు వెలిశాయి. మొదటి మేకుకు రెండు పళ్ల పనిముట్టు వేలాడింది. గౌరీసు అటుగా వస్తూ చూశాడు.

"పెళ్లి సామాన్లొచ్చినాయి, పెళ్లెప్పుడు తమ్ముడూ?" అని అడిగాడు.

నీతి: ఎంత బలమున్నా, తగిన పనిముట్టుతో సరైన చోట పట్టుకుంటేనే అది పనికి వస్తుంది.