చెప్పేస్తానని చెప్పినవాడు

చిదంబరయ్యగారు ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పేవారు కారు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. నాగావళి ఒడ్డున ఆయన ఆశ్రమంలో నేను చదువుకున్న నాలుగేళ్లలో ఆయన వాదించగా ఒక్కసారీ చూడలేదు.

ఒక ఆషాఢమాసంలో కొందరు మాజీ సైనికులు వచ్చి, వారానికోసారి కూర్చుని మాట్లాడుకోవడానికి ఆశ్రమం హాలు ఇమ్మని అడిగారు. అందరూ మనసుకు జబ్బు చేసి, వైద్యం చేయించుకుని కోలుకుంటున్నవాళ్లే. హాలు బాధ్యత చూసే శశిభూషణానికి ఇది నచ్చలేదు. మాలో బాగా చదువుకున్నవాడు అతనే, మనుషుల్ని ఒక పట్టాన నమ్మనివాడూ అతనే. ఆ సాయంత్రం పాఠం ముగిశాక లేచి నిలబడ్డాడు.

"గురువుగారూ, జబ్బుపడ్డవాడు ఇంకో జబ్బుపడ్డవాడికి ఏం చేయగలడు? పైగా వీళ్లు ఒకరినొకరు నమ్మరు. మాట్లాడుతున్నంతసేపూ ఒకణ్ణి ఒకడు కనిపెట్టి చూసుకుంటూనే ఉన్నారు" అన్నాడు.

చిదంబరయ్యగారు అతన్ని కూర్చోమని, ఈ సంగతి చెప్పారు.

పొట్నూరు సన్యాసినాయుడు సైన్యంలో హవల్దారుగా చేశాడు. మంచుకొండల్లో ఒక ఉదయం, దారి బాగానే ఉందని ఎవరో చెబితే అతని దళం బయల్దేరింది. ముందు నడుస్తున్న అతని స్నేహితుడు మందుపాతర మీద కాలు వేశాడు. ఆ తర్వాత "బాగానే ఉంది" అని ఎవరన్నా సన్యాసినాయుడికి నమ్మకం కుదరలేదు. ఇంటికి వచ్చాక భార్య నీలవేణి మజ్జిగ ఇస్తే, అందులో మాత్రలు కలిపిందేమోనని ముందు ఆమెను తాగమనేవాడు. చివరికి ఐదు నెలలు ఆస్పత్రిలో, తాళం వేసిన వార్డులో ఉండాల్సి వచ్చింది. బయటికి వచ్చాక మిగిలిన భయం ఒక్కటే, మళ్లీ అక్కడ వేస్తారని.

పక్క ఊరి బడిలో శనివారాలు, పిల్లలు వెళ్లిపోయాక, అతనిలాంటివాళ్లు ఏడుగురు కలిసేవారు. వాళ్లకు వైద్యం చేసే టౌను డాక్టరమ్మ అక్కడికి రాదు, పెద్ద అంటూ ఎవరూ ఉండరు. అక్కడి మాట గడప దాటకూడదన్నది నియమం. నీలవేణి పోరగా పోరగా సన్యాసినాయుడు వెళ్లాడు గాని, ఆ నియమమే అతనికి పెద్ద అనుమానమైంది. గడప దాటదని అంత గట్టిగా చెబుతున్నారంటే, దాటిస్తున్నారనే అర్థమని తేల్చుకున్నాడు. నెలన్నర పాటు నోరు విప్పలేదు. ఎవరు ఫోను తీసినా ఏం నొక్కుతున్నారో చూసేవాడు.

ఆఖరికి వాళ్లను పరీక్షించాలనుకున్నాడు. బమ్మిడి తవిటయ్య అని, సైన్యంలో బండి నడిపి, ఇప్పుడు నీళ్ల మోటార్లు బాగుచేసుకునే మనిషిని ఎంచుకున్నాడు. ఒక శనివారం అందరూ వెళ్లాక అతన్ని వరండాలో ఆపి, తను చనిపోవడానికి రోజు పెట్టుకున్నానని చెప్పాడు. వినాయక చవితి మర్నాడట. చవితినాడే అయితే కూతురికి పండగ పాడైపోతుందట. ఎవరితోనూ అనొద్దన్నాడు.

ఆస్పత్రి బండి వస్తే వీళ్లంతా వేగులని తేలుతుంది. రాకపోతే తను చచ్చినా ఎవరికీ పట్టదని తేలుతుంది. ఎటుపడినా తన అనుమానమే గెలిచేలా పన్నిన ఉచ్చు అది.

తవిటయ్య చెప్పులు వెతుక్కున్నాడు. అవి వేసుకుంటూ అన్నాడు: "ఈ మాట నాను కడుపులో దాసుకోలేను, నాయుడూ. డాక్టరమ్మకి సెప్పేస్తాను. నీ ఎనకాతల మాత్రం సెప్పను. నువ్వూ రా. నానేటి సెప్తానో నువ్వే ఇను."

దాస్తానని ఒట్టేసేవాడికి ఏం చెప్పాలో సన్యాసినాయుడికి తెలుసు. చాటుగా మాటలు మోసేవాడికి ఏం చెప్పాలో కూడా తెలుసు. నీ ముందే చెప్పేస్తాను రమ్మనేవాడికి ఏం చెప్పాలో అతనికి తోచలేదు. వదిలేస్తే వీడు అక్కడ ఇంకో నాలుగు కల్పించి చెబుతాడేమోనని వెంట వెళ్లాడు. టౌనుకు వెళ్లే బస్సులో సన్యాసినాయుడు తవిటయ్యకి వెనక సీట్లో కూర్చుని, దిగేదాకా అతని చేతుల్నే చూస్తూ ఉన్నాడు.

డాక్టరమ్మ ముందు తవిటయ్య ఆ మాటనే, ఎంత విన్నాడో అంతే చెప్పాడు. ఎక్కడ ఒక మాట పెంచుతాడా అని కాచుకున్న సన్యాసినాయుడికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. అప్పుడు అతను, అదంతా అబద్ధమనీ, వీళ్లు మోస్తారో లేదో చూద్దామని అన్నాననీ చెప్పేశాడు. డాక్టరమ్మ తవిటయ్య వైపు చూసింది.

"అబద్దమాడీవోడు పిల్ల పండగ గురించి ఆలోసిస్తాడేటమ్మా?" అన్నాడు తవిటయ్య. "నానూ ఒకప్పుడు రోజెట్టుకున్నాను. మా అమ్మ ఊళ్లో లేని రోజు సూసి ఎట్టుకున్నాను."

అబద్ధమన్న మాట సన్యాసినాయుడు మళ్లీ అనలేదు. తనను మళ్లీ వార్డులో పెట్టి తలుపుకి తాళం వేస్తారా అని అడిగాడు. వెయ్యనని డాక్టరమ్మ చెప్పింది. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పింది. ఏ మందు ఇస్తుందో, ఎప్పుడెప్పుడు రావాలో, ఎవరికి చెబుతుందో కాగితం మీద రాసి అతని చేతికే ఇచ్చింది. నీలవేణికి చెప్పడానికి అతను ఒప్పుకున్నాడు. చవితి మర్నాడు పొద్దున్నే తవిటయ్య సన్యాసినాయుడి ఇంటికి వచ్చి, పాడైన మోటారు ఒకటి విప్పి అరుగు మీద పరిచి, పొద్దుగూకేదాకా బిగిస్తూ కూర్చున్నాడు. అంత పని అందులో లేదని ఇద్దరికీ తెలుసు. ఆ రోజు గడిచింది.

చిదంబరయ్యగారు అంతటితో ఆపారు.

శశిభూషణం ఊరుకోలేదు. గడప దాటకూడని మాట తమదాకా ఎలా వచ్చిందని అడిగాడు. సన్యాసినాయుడే తనకు చెప్పాడనీ, ఎవరికైనా పనికొస్తే చెప్పమన్నాడనీ, తవిటయ్యను కూడా ముందే అడిగి ఆ మాట అన్నాడనీ ఆయన జవాబిచ్చారు.

"అయితే ఆయనకి అనుమానం పోయినట్టేనా?" అన్నాడు శశిభూషణం.

"పోలేదు" అన్నారు చిదంబరయ్యగారు లేస్తూ. "అదే కదయ్యా ఆ రోజు అతన్ని బస్సెక్కించింది."