తొలిగుక్క మాత గుడి

పూర్వం తెల్లవాగు ఒడ్డున దిగువతెల్లపాడు అనే పల్లెకు శౌరిరెడ్డిగారు పెద్దరికం వహిస్తున్న కాలంలో, ఆ సీమలో క్రీస్తుమతం ఇంకా కొత్తగా వేళ్లూనుకుంటున్న రోజుల్లో, దేవమాత పేరిట ఒక గుడి కట్టించాలన్న సంకల్పం ఆయనకు కలిగింది. ఆయన భక్తికి లోటు లేదు, కోపానికీ లోటు లేదు. మందను మేపక తన కడుపే చూసుకునే కాపరిని దేవుడు నిలదీస్తాడనీ, అధికారం ఇచ్చింది దిక్కులేనివారికి దిక్కుగా నిలవడానికేననీ ఉపదేశి చిన్నప్పగారు ప్రతి ఆదివారం వేదవాక్యం వినిపిస్తుంటే, అవి ఎక్కడో యూదయ దేశపు రాజులకు చెప్పిన మాటలనుకుని రెడ్డిగారు నిశ్చింతగా తల ఊపేవారు.

ఆ ఊళ్లో ఒక చక్కని ఆచారం ఉండేది. న్యాయం అడగవచ్చినవారికి ఊరిపెద్ద తన చేతులతో కంచు చెంబు అందించాలి. వారు తొలిగుక్క తాగేదాకా తానూ గొంతు తడుపుకోకూడదు, న్యాయం తీర్చడానికి తప్ప అరుగు దిగకూడదు. దాహంతో ఉన్నవారి నోట గోడు సరిగా పెగలదని రెడ్డిగారి తాతగారే పెట్టిన కట్టుబాటు అది.

గుడి పనికి సున్నపు గానుగ తిరగాలి, గానుగకు నీళ్లు కావాలి. దైవకార్యం కదా, అడిగేదెవరని రెడ్డిగారు పంటకాలువకు అడ్డకట్ట వేయించి నీళ్లన్నీ గానుగకు మళ్లించారు. పైమళ్లన్నీ అప్పటికే తడిసి ఉన్నాయి గానీ, కాలువ చివర ఆరోగ్యమ్మ అనే వితంతువు మడి మాత్రం, వరి పొట్టమీద ఉండగానే ఎండిపోసాగింది. ఇద్దరు ఆడపిల్లలతో ఆమెకున్న ఆధారం ఆ ఒక్క మడే. ఒకనాడు పొద్దున్నే ఆమె అరుగు దగ్గరికి వచ్చింది.

"తాగి చెప్పమ్మా" అని రెడ్డిగారు చెంబు అందించారు.

"నా మడి తాగలేదయ్యా. అది తాగినాకే నేను తాగుతా" అని ఆమె చెంబు పట్టుకుని కూర్చుంది.

కాసేపట్లో దిగివస్తుందిలే అనుకున్నారు రెడ్డిగారు. ఎండ ముదిరింది. ఆయన భార్య ఇన్నమ్మగారు జాలిపడి మజ్జిగ తెస్తే, "మజ్జిగ నీళ్లు కాదు కదా" అని రెడ్డిగారు ఆశగా ఉపదేశి వంక చూశారు. "నీళ్లు పోయకుండా చేసినదైతే పుచ్చుకోండి" అన్నారు చిన్నప్పగారు. అరుగు చుట్టూ చేరినవారికి నవ్వాపుకోవడం కష్టమైంది.

"దేవుడి గుడికమ్మా ఆ నీళ్లు!" అని ఆయన కోపంతో అరవబోతే గొంతు కీచుమంది.

"మా పిల్లల నోటికాడి ముద్ద తీసి గుడి కట్టమని ఆ దేవుడు చెప్పినాడా అయ్యా?"

నాలుక అంగిటికి అంటుకుపోతుండగా రెడ్డిగారు దూరాన పసుపెక్కిన ఆ మడి వంక చూశారు. అది తనకన్నా ముందునుంచి దాహంతో ఉందనీ, ఆదివారపు మాటలు ఏ రాజులకో కాక తనకే చెప్పినవనీ అప్పుడు తెలిసి, సిగ్గుతో ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "న్యాయం నీదేనమ్మా, కట్ట తెగ్గొడతా, పద" అని లేచి, ఎవరినీ పురమాయించకుండా తానే పార భుజాన వేసుకుని నడిచారు.

కట్ట తెగింది. ఆఖరి పోటుకు పార అడుగున రాతిని తాకగా, ఆ రాతి సందులోంచి అంతవరకూ ఎవరూ ఎరుగని ఊట ఒకటి చిమ్ముకొచ్చి, అటు కాలువనూ ఇటు గానుగనూ ఒక్కసారే నింపింది. పిల్లలు కేరింతలు కొట్టారు, ముసలివాళ్లు సైతం చీరలూ పంచెలూ తడుపుకున్నారు. నీరు చివరి మడి చేరి మొదళ్లు తడిశాక ఆరోగ్యమ్మ చెంబు ముంచి తొలిగుక్క తాగి, రెడ్డిగారి చేతికిచ్చింది.

"ఇంక నువ్వు తాగు మామా" అంది.

ఆ ఊట పక్కనే గుడి వెలిసింది. ఊరి పేరు కూడా క్రమేణా తొలిగుక్క అయింది. ఊట మీద నిలిపిన గానుగరాయి నేటికీ గుమ్మం ముందు ఉంది, దాని కిందినుంచి నీరు ఊరుతూనే ఉంది. ఏటా మాత పండుగనాడు ఊరిపెద్ద పొద్దుటినుంచి పచ్చినీళ్లు ముట్టక, వరుసలో అందరికన్నా చివర నిలిచినవారికి ఆ కంచు చెంబు అందిస్తారు. ఆ చివరి చోటుకోసం ఆడవాళ్లు పోటీపడి మరీ వెనక్కి తగ్గుతారు, చెంబు చేతికొచ్చాక కబుర్లు మొదలుపెట్టి పెద్దగారిని ఉడికిస్తారు. ఎండలో గొంతు ఎండుతున్నా ఆయన నవ్వుతూ నిలబడవలసిందే. ఆ గుక్క దిగేదాకా ఆ ఊళ్లో పెద్దకు పెద్దరికం లేదు.