అద్దానికి అవతల చేతులు

బొబ్బిలిలో పురాణం చెప్పే కోదండపాణిగారికి ఒక అలవాటుంది. ఎవరైనా కళ్లనీళ్లతో ప్రశ్న తెస్తే వెంటనే జవాబు చెప్పరు. తాము చేస్తున్న పనిలో వాళ్లనూ ఒక చెయ్యి వెయ్యమంటారు.

ఆ ఉదయం శిష్యురాలు వకుళ వచ్చేసరికి ఆయన తన పాతకాలపు కారు వెనక సీట్లో ఒదిగి కూర్చుని ఉన్నారు.

"గురువుగారూ, మా అమ్మాయి నీలవేణికి లదాఖ్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. చేరుతున్నదీ లేనిదీ సాయంత్రంలోగా చెప్పాలట. నేను ఊఁ అంటే గాని చెప్పనని కూర్చుంది. తండ్రి లేని పిల్ల. అంత దూరం పంపి ఎలా కాపాడుకోను?"

"బయట, అద్దానికి అటుపక్క నిలబడమ్మా. ఈ అద్దం ఊడి వస్తుంది, అందుకో."

అది కిందికి దిగే అద్దం కాదు. చుట్టూ రబ్బరుతో బిగించిన చిన్న పక్క అద్దం. దాని కింద వాననీరు చేరి రేకు తుప్పు పడుతోంది. ఇప్పుడు తియ్యకపోతే తలుపు పక్కంతా పోతుంది. తీయబోతే పగలవచ్చు, పగిలితే ఇలాంటిది మళ్లీ దొరకదు. "మా ఆవిడ కొత్త కోడలిగా ఇందులోంచే ఊరు చూసుకుంటూ వచ్చింది," అన్నారాయన.

ఆ మాట విని వకుళ అద్దానికి మరింత దగ్గరగా జరిగి, చేతులు చాచింది.

ఆయన రబ్బరు సందుల్లో సబ్బునీళ్లు పోసి, మొద్దు కర్రముక్కతో దాని అంచును మడుస్తూ, పైమూల నుంచి అరచేత్తో తోశారు. కదల్లేదు. మళ్లీ తోశారు. అద్దం కిర్రుమంది.

"అయ్యో, పగిలిపోతుంది! ఆపండి గురువుగారూ!" వకుళ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది.

ఆయన తొయ్యడం ఆపి అద్దంలోంచి ఆమెను చూశారు. "నేనిటు నుంచి తోస్తున్నాను సరే, అటు నుంచి తోస్తున్నదెవరు? ఉడుము కూడా నీ దగ్గర పట్టు నేర్చుకోవాలి తల్లీ!"

వకుళ తన చేతుల వైపు చూసుకుంది. రెండు అరచేతులూ అద్దానికి అదిమిపెట్టి ఉన్నాయి. వేళ్లు తెల్లబడ్డాయి.

"కింద పడుతుందేమోనని..."

"అందుకోమన్నాను. ఆపమన్నానా?"

చేతులు రవ్వంత వెనక్కి తీసింది. నొక్కిపట్టడం కంటే ఆ రవ్వంత సందు ఇవ్వడమే కష్టమైంది. ఆయన మరోసారి తోశారు. రబ్బరంచు మూల దాటి, మెల్లగా పక్కలకు జారి, అద్దం తడితడిగా, బరువుగా ఆమె చేతుల్లోకి వచ్చి ఆగింది. ఎక్కడా గీత పడలేదు.

అప్పుడే ఆమె భుజాన ఉన్న సంచిలో ఫోను మోగింది. నీలవేణి! వకుళ బెదిరినట్టు గురువుగారి వంక చూసింది.

కోదండపాణిగారు కారు దిగి వచ్చి, అద్దాన్ని ఆమె చేతుల్లోంచి భద్రంగా తీసుకున్నారు.

"మాట్లాడమ్మా," అన్నారు. "అందుకునే చేతులు మాత్రం దించకు."